క్లౌడ్‌లో మన డేటాకు తాళం ఎవరు వేస్తారు? ఒక ఉద్యోగం గురించి వివరంగా

దావత్‌ల్లో పిల్లల ఉద్యోగాల మాట వచ్చినప్పుడు 'మావాడు క్లౌడ్‌లో చేస్తున్నాడు' అనే మాట ఈ మధ్య బాగా వినిపిస్తోంది. విన్నవాళ్లు మాషా అల్లా అంటారు, తల ఊపుతారు, అక్కడినుంచి మాట జీతం మీదికో సంబంధం మీదికో వెళ్లిపోతుంది. ఆ క్లౌడ్‌లో వాడు రోజంతా ఏం చేస్తాడో మాత్రం చాలా ఇళ్లలో కన్న తల్లిదండ్రులకు కూడా తెలియదు. 'ఏదో కంప్యూటర్ పనే' అని ఊరుకుంటారు.

ఆ పనుల్లో ఒకదాని గురించి ఇక్కడ కొంచెం వివరంగా చెప్పుకుందాం. దాని పేరు క్లౌడ్ డేటా ఆర్కిటెక్ట్. అందులోనూ డేటా భద్రత చూసుకునే ఆర్కిటెక్ట్. బీటెక్, ఎంసీఏ చదివే పిల్లలున్న ఇళ్లకు ఇది ఉద్యోగం సంగతి. మిగతా ఇళ్లకు కూడా దీంతో పని ఉంది. మన బ్లడ్ రిపోర్టులు, పాస్‌పోర్ట్ కాపీలు, బ్యాంకు వివరాలు, పిల్లల మార్కులు ఇప్పుడు ఇలాంటి ఎవరో ఒకరు గీసిన ప్లాన్ ప్రకారమే ఎక్కడో భద్రంగా ఉంటున్నాయి. ప్లాన్ సరిగ్గా గీయకపోతే భద్రంగా ఉండటం లేదు.

క్లౌడ్ ఆకాశంలో లేదు

పేరు చూసి మోసపోవద్దు. క్లౌడ్ అంటే నేల మీద కట్టిన పెద్ద పెద్ద భవనాలు. లోపల వరుసలు వరుసలుగా సర్వర్లు, వాటిని చల్లబరిచే యంత్రాలు, కరెంటు పోతే అందుకునే జనరేటర్లు, బయట గట్టి కాపలా. అమెజాన్ కంపెనీ 2006లో తన స్టోరేజీని ఇలా బయటివాళ్లకు కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత మైక్రోసాఫ్ట్, గూగుల్ కూడా అదే వ్యాపారంలోకి దిగాయి. అమెజాన్ ముంబైలో 2016లో కేంద్రం తెరిచింది, హైదరాబాద్‌లో 2022 నవంబర్‌లో తెరిచింది. అంటే రంగారెడ్డి జిల్లా నేల మీదనే ఇప్పుడు ఎన్నో కంపెనీల లెక్కాపత్రాలు ఉన్నాయి.

ఇంతకుముందు ఒక హాస్పిటల్‌కో బ్యాంకుకో కంప్యూటర్లు కావాలంటే సొంతంగా కొనాలి, ఏసీ గది కట్టాలి, మనిషిని పెట్టాలి. ఇప్పుడు కిరాయికి తీసుకుంటున్నారు, వాడినంత వరకే డబ్బు కడుతున్నారు. ఇక్కడే చాలామంది ఒక పొరపాటు పడతారు. 'అమెజాన్ దగ్గర పెట్టాం కదా, భద్రత వాళ్లే చూసుకుంటారు' అనుకుంటారు. సగమే నిజం.

అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కిరాయికి తీసుకున్నామనుకోండి. పునాది, గోడలు, లిఫ్టు, గేటు దగ్గర వాచ్‌మన్ ఇవన్నీ ఓనర్ జిమ్మేదారీ. మన ఫ్లాట్ తలుపు రాత్రంతా తెరిచి పడుకుంటే దానికి ఓనర్‌ను తిట్టి లాభం లేదు. బీరువా చాబీ పక్కింటి పిల్లాడి చేతికిస్తే అదీ మన తప్పే. క్లౌడ్ కంపెనీలు కూడా ఒప్పందంలో సరిగ్గా ఇదే రాసుకుంటాయి: భవనం, యంత్రాలు, వాటి కింది ఏర్పాట్లు మావి, లోపల మీరు పెట్టే డేటా, ఎవరికి ఏ చాబీ ఇవ్వాలి అన్నది మీది. ఆ 'మీది' అన్న సగం పనిని ప్లాన్ గీసి చూసుకునేవాడే మనం మాట్లాడుకుంటున్న ఆర్కిటెక్ట్.

మేస్త్రీకి, ప్లాన్ గీసే ఇంజినీరుకి ఎంత తేడా ఉంటుందో ప్రోగ్రామర్‌కి, ఆర్కిటెక్ట్‌కి అంత తేడా. ఇద్దరిలో ఎవరు లేకపోయినా ఇల్లు లేవదు. అయితే వంటగది పక్కన సెప్టిక్ ట్యాంకు వచ్చిందంటే మాత్రం అడగాల్సింది మేస్త్రీని కాదు.

ఒక డయాగ్నస్టిక్ సెంటర్ అనుకుందాం

ఉట్టి మాటలతో ఇది అర్థం కాదు, ఒక ఉదాహరణ తీసుకుందాం. కర్నూలు, గుంటూరు, హైదరాబాద్‌లలో బ్రాంచీలున్న ఒక డయాగ్నస్టిక్ సెంటర్ తన రికార్డులన్నీ క్లౌడ్‌లోకి మార్చాలనుకుంటోంది. ఆర్కిటెక్ట్‌ను పిలిచారు. అతను మొదటి రోజే కంప్యూటర్ తెరిచి ఏదో టైప్ చేస్తాడనుకుంటే పొరపాటే. మొదటి వారం రోజులు అతను ప్రశ్నలే అడుగుతాడు. మీ దగ్గర ఏమేం సమాచారం ఉంది? పేరు, వయసు, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, చేసిన టెస్టు, వచ్చిన ఫలితం, రాసిన డాక్టరు, కట్టిన డబ్బు. ఇందులో ఏది ఎవరికి కావాలి? ఎన్నాళ్లు ఉంచాలి?

ఈ చివరి రెండు ప్రశ్నలకు చాలా సంస్థల దగ్గర జవాబు ఉండదు. 'అన్నీ అందరికీ కనిపిస్తాయి, అన్నీ ఎప్పటికీ ఉంటాయి' అన్నదే వాస్తవ పరిస్థితి. కొంచెం ఆలోచిస్తే అలా ఉండాల్సిన అవసరమే లేదు. ఇంటికొచ్చి రక్తం తీసుకునే కుర్రాడికి అడ్రసు, ఫోన్ నంబరు కావాలి, ఫలితం అక్కర్లేదు. ల్యాబ్‌లో మిషన్ దగ్గర కూర్చునే టెక్నీషియన్‌కి ట్యూబ్ మీది నంబరు చాలు. ఆ రక్తం ఎవరి కూతురిదో అతనికి తెలియాల్సిన పని లేదు. అకౌంటెంట్‌కి రూపాయలు కావాలి. ఏ ఏరియాలో కొత్త బ్రాంచీ పెట్టాలో చూసే మేనేజర్‌కి లెక్కలు చాలు, పేర్లు వద్దు. పూర్తి రిపోర్టు చూడాల్సింది డాక్టరు, పేషంటు.

ఇదంతా ఎందుకింత పట్టింపు అని అడగొచ్చు. ఒక్కసారి మొహల్లాలో ఊహించుకోండి. పెళ్లి సంబంధం మాట్లాడుతున్న అమ్మాయి టీబీ టెస్టు చేయించుకుంది, లేదా థైరాయిడ్ రిపోర్టు తీసుకుంది. ఆ సంగతి కౌంటర్‌లో పనిచేసే ఒకడి నోటినుంచి బయటికి వస్తే చాలు. టీబీ మందులు వాడితే నయమవుతుంది, థైరాయిడ్ మాత్ర వేసుకుంటే సరిపోతుంది, కానీ నోళ్లకు మందు ఉండదు. డేటా లీక్ అంటే మనం ఎప్పుడూ డబ్బు పోవడం గురించే ఆలోచిస్తాం. డబ్బు పోతే బ్యాంకులో కంప్లైంట్ ఇచ్చి కొంతైనా రాబట్టుకోవచ్చు. బయటికి పొక్కిన రిపోర్టును మళ్లీ లోపల పెట్టే ఉపాయం ప్రపంచంలో ఏ కంపెనీ దగ్గరా లేదు.

అందుకే ఆర్కిటెక్ట్ గీసే ప్లాన్‌లో మొట్టమొదటి సూత్రం: ఎవరి పనికి ఎంత అవసరమో అంతే అధికారం, అంతకు మించి ఒక్క గడప కూడా దాటకూడదు. క్లౌడ్‌లో ప్రతి మనిషికీ, ప్రతి ప్రోగ్రామ్‌కీ ఒక 'రోల్' ఉంటుంది. ఆ రోల్ ఏ గదిలోకి వెళ్లొచ్చు, వెళ్లాక చదవొచ్చా, మార్చొచ్చా, చెరిపేయొచ్చా అన్నది అక్షరం అక్షరం రాసి పెట్టాలి. వినడానికి తేలికగా ఉంటుంది. చేయడానికి వచ్చేసరికి పని ఆగిపోతోందని ఎవరో ఫోన్ చేస్తారు, తొందరలో 'అన్నిటికీ అనుమతి' ఇచ్చేస్తారు, తర్వాత దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరికీ గుర్తుండదు. క్లౌడ్‌లో జరిగే ప్రమాదాల్లో చాలావాటి మొదలు ఇక్కడే ఉంటుంది.

రెండోది, పేషంటుకు ఫోన్‌లో వచ్చే లింకు. చాలా చోట్ల రిపోర్టు లింకు చివర ఒక వరుస నంబరు ఉంటుంది. చివరి అంకె ఒకటి పెంచి కొడితే మన తర్వాత లైన్లో నిలబడ్డవాళ్ల రిపోర్టు తెరుచుకుంటుంది. ఇది హ్యాకింగ్ కూడా కాదు, పదో తరగతి పిల్లాడు చేయగలడు. సరైన ప్లాన్‌లో లింకు తెరిచిన ప్రతిసారీ 'నువ్వెవరు' అని సిస్టమ్ అడగాలి, ఫోన్‌కు ఓటీపీ పంపాలి, ఆ లింకు కొంతసేపటికి దానంతట అదే చెల్లకుండా పోవాలి.

మూడోది ఎన్‌క్రిప్షన్. అంటే డేటాను ఎవరూ చదవలేని గందరగోళంగా మార్చి, ఒక చాబీ ఉన్నవాళ్లకే మళ్లీ అర్థమయ్యేలా చేయడం. ఇప్పుడు ఇది పెద్ద కష్టం కాదు. 2023 జనవరి నుంచి అమెజాన్ స్టోరేజీలో కొత్తగా పెట్టే ప్రతి ఫైలూ అడగకపోయినా ఎన్‌క్రిప్ట్ అవుతోంది. కష్టం అంతా చాబీల దగ్గరే. డేటా ఉన్న పెట్టెకు ఒక చాబీ వేస్తారు. ఆ చాబీని ఇంకో పెద్ద చాబీతో తాళం వేసి పెడతారు. ఆ పెద్ద చాబీ ఒక ప్రత్యేకమైన యంత్రంలోనే ఉంటుంది, ఎవరి చేతికీ రాదు, వాడినప్పుడల్లా ఎవరు వాడారో రాసి పెడుతుంది. డేటా చూసుకునే మనిషి వేరు, చాబీ చూసుకునే మనిషి వేరు ఉండేలా ప్లాన్ గీస్తారు. బ్యాంకు లాకర్‌కు రెండు చాబీలున్నట్టు అన్నమాట. ఇంకో సంగతి: ఆ పెద్ద చాబీని చెరిపేస్తే డేటా ఉన్నా లేనట్టే, ఎవరూ తెరవలేరు. అందుకే అమెజాన్‌లో చాబీని చెరిపేయమని చెప్పినా వెంటనే చెరపదు. కనీసం 7 రోజులు, ఎక్కువలో ఎక్కువ 30 రోజులు ఆగుతుంది, మనసు మార్చుకునే అవకాశం ఇస్తుంది.

అమెరికాలో ఒక బ్యాంకుకు జరిగింది

ఇవన్నీ పుస్తకాల్లో మాటలు అనుకునేవాళ్లకు 2019లో క్యాపిటల్ వన్ అనే అమెరికా బ్యాంకుకు జరిగింది చెప్పాలి. ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఎవరినడిగినా ఈ కథ చెబుతారు, ఎందుకంటే ఇందులో పాఠాలు చాలా ఉన్నాయి.

ఆ బ్యాంకు చిన్నదేం కాదు, క్లౌడ్ వాడకంలో ముందున్న బ్యాంకు. తన సిస్టమ్ ముందు ఒక ఫైర్‌వాల్ పెట్టుకుంది, అంటే వచ్చేపోయేవాళ్లను చూసే కాపలావాడు. ఆ కాపలావాడిని సరిగ్గా అమర్చలేదు. బయటినుంచి వచ్చిన మనిషి 'నా తరఫున లోపలికి వెళ్లి ఫలానా మాట అడిగి రా' అంటే అతను నిజంగానే వెళ్లి అడిగి వచ్చేలా ఉంది. క్లౌడ్‌లోని ప్రతి సర్వర్‌కీ లోపలివైపు ఒక అడ్రసు ఉంటుంది. అక్కడ అడిగితే ఆ సర్వర్ రోల్‌కు సంబంధించిన తాత్కాలిక చాబీలు ఇస్తుంది. బయటివాళ్లు ఆ అడ్రసుకు నేరుగా చేరలేరు. కాపలావాడు లోపలే ఉన్నాడు కాబట్టి చేరాడు, చాబీలు తెచ్చి బయటి మనిషి చేతిలో పెట్టాడు.

అక్కడితో ఆగినా పెద్ద నష్టం ఉండేది కాదు. గేటు దగ్గర నిలబడే కాపలావాడి చాబీతో బీరువాలు ఎందుకు తెరుచుకోవాలి? కానీ ఆ రోల్‌కు స్టోరేజీలోని బకెట్లన్నీ చూసే అధికారం, చదివే అధికారం ఎవరో ఇచ్చి పెట్టారు. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో సుమారు 60 లక్షల మంది వివరాలు బయటికి వెళ్లాయి. చేసిన మనిషి గతంలో అమెజాన్‌లో పనిచేసిన ఇంజినీరే. మార్చిలో డేటా పోయింది. జూలైలో బయటి వ్యక్తి ఎవరో ఈమెయిల్ పెట్టి 'మీ డేటా ఫలానా చోట కనిపిస్తోంది' అని చెప్పేదాకా బ్యాంకుకు తెలియలేదు. మధ్యలో ఏప్రిల్, మే, జూన్ గడిచిపోయాయి. మరుసటి ఏడాది అక్కడి బ్యాంకు నియంత్రణ సంస్థ 8 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

మరి ఎన్‌క్రిప్షన్ ఏమైంది అంటారా? ఉంది. కానీ తెరిచే అధికారం ఉన్న రోల్ చాబీనే దొంగ చేతికి చిక్కింది, కాబట్టి ఆ తాళం తెరుచుకుంది. ఇంటికి ఎంత మంచి తాళం వేసినా చాబీ చెప్పుల స్టాండ్‌లో పెడితే అంతే కదా. ఇందులో ఆదుకున్నది ఏదైనా ఉందంటే అది టోకెన్ పద్ధతి. అసలు నంబరు స్థానంలో అర్థం లేని ఇంకో నంబరు పెట్టి, అసలుదాన్ని పూర్తిగా వేరే చోట దాచే పద్ధతి ఇది. అమెరికాలో మన ఆధార్ లాంటి సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఇలా దాచినవి చాలావరకు బయటపడలేదు. అలా దాచనివి మాత్రం సుమారు 1,40,000 నంబర్లు పోయాయి.

ఇంకో చేదు నిజం కూడా ఉంది. పోయిన వాటిలో 2005 నాటి క్రెడిట్ కార్డు దరఖాస్తులు కూడా ఉన్నాయి. పద్నాలుగేళ్ల కిందటి దరఖాస్తుతో బ్యాంకుకు ఏం పని? నా దృష్టిలో ఆర్కిటెక్ట్ చేసే పనుల్లో అన్నిటికన్నా విలువైనది, అన్నిటికన్నా తక్కువ మెప్పు వచ్చేది ఈ చెరిపేసే పనే. లేని డేటాను ఎవరూ దొంగిలించలేరు. కానీ ఏ మేనేజరూ 'చెరిపేయి' అని సంతకం పెట్టడానికి ఇష్టపడడు, ఎప్పుడో పనికొస్తుందేమో అంటాడు. మన ఇళ్లల్లో అటక మీది సామాను సంగతి లాగే ఇదీ.

ఆ ఏడాది నవంబర్‌లోనే అమెజాన్ తన లోపలి అడ్రసు పద్ధతిని మార్చి, అలా మాయమాటలతో చాబీలు తెప్పించుకోవడం కష్టమయ్యేలా చేసింది. అయితే పాత పద్ధతిని ఆపేసి కొత్తది పెట్టుకోవాల్సింది మళ్లీ కిరాయిదారే.

బ్యాకప్ మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2014లో కోడ్ స్పేసెస్ అనే చిన్న కంపెనీ ఉండేది. ప్రోగ్రామర్ల ఫైళ్లు దాచిపెట్టడమే దాని వ్యాపారం. ఎవరో దాని క్లౌడ్ ఖాతాలోకి చొరబడి డబ్బు అడిగారు, కంపెనీవాళ్లు ఖాతాను వెనక్కి లాక్కోబోతే ఉన్నవన్నీ చెరిపేశారు. బ్యాకప్‌లు ఉన్నాయి, కానీ అవీ ఎక్కువగా ఆ ఖాతాలోనే ఉన్నాయి. కంపెనీ మూతపడింది. ఆ తర్వాతనుంచి ఈ పని తెలిసినవాళ్లు ఎవరైనా బ్యాకప్‌ను వేరే ఖాతాలో, వేరే చాబీతో, కొంతకాలం దాకా యజమాని కూడా చెరపలేని విధంగా పెడతారు. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగి రోజుల తరబడి ఓపీ చీట్లు చేత్తో రాయాల్సి వచ్చిన సంగతి గుర్తుండే ఉంటుంది. అది క్లౌడ్ వ్యవహారం కాదు, కానీ సర్వర్లు ఆగిపోతే పేషంట్లు ఎన్ని తిప్పలు పడతారో దేశం మొత్తానికి అప్పుడు తెలిసింది.

చట్టం ఏమంటోంది

మన దేశంలో 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. ఆరేళ్ల తర్వాత, 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. తగిన భద్రత పెట్టక డేటా పోగొట్టుకున్న సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చని అందులో ఉంది. దాని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, దశలవారీగా అమలవుతున్నాయి. ఇవి కాక, చెల్లింపుల డేటా దేశంలోనే ఉంచాలని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది. సైబర్ దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లోపు చెప్పాలని, 180 రోజుల లాగ్‌లు దాచాలని కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. లాగ్ అంటే ఎవరు ఎప్పుడు ఏ గదిలోకి వెళ్లారో రాసిన రిజిస్టరు. ఇవన్నీ లాయర్ల భాషలో ఉంటాయి. వాటిని క్లౌడ్‌లో నిజంగా పనిచేసే అమరికలుగా మార్చాల్సింది ఆర్కిటెక్టే. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లకు చట్టం చదివే ఓపిక కూడా కావాలి.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు కూడా ఇది దగ్గరి విషయమే. అమెజాన్ 2019లో బహ్రెయిన్‌లో, 2022లో యూఏఈలో కేంద్రాలు తెరిచింది. మైక్రోసాఫ్ట్‌కు దుబాయ్, అబుధాబి, ఖతర్‌లలో, గూగుల్‌కు దోహా, దమ్మామ్‌లలో ఉన్నాయి. సౌదీలో వ్యక్తిగత డేటా చట్టం 2023 సెప్టెంబర్‌లో అమల్లోకి వచ్చింది, కంపెనీలకు ఇచ్చిన ఏడాది గడువు 2024 సెప్టెంబర్‌లో ముగిసింది. ఎవరి డేటా ఏ దేశం గడప దాటొచ్చు, ఏది దాటకూడదు అని చూడగలిగినవాళ్ల అవసరం అక్కడ ఉంది. ఒకప్పుడు జెద్దా, రియాద్‌లలో కంప్యూటర్ హార్డ్‌వేర్, నెట్‌వర్క్ పనులు చేసిన అన్నదమ్ముల ఇళ్లలో పిల్లలకు ఇది కొత్త దారి.

మరి మన పిల్లలకు ఎలా?

ఇక్కడ ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇది కాలేజీ నుంచి బయటికి రాగానే దొరికే ఉద్యోగం కాదు. మూడు నెలల కోర్సు చేస్తే 'క్లౌడ్ సెక్యూరిటీ ఆర్కిటెక్ట్' చేస్తామని బోర్డు పెట్టిన ఇన్‌స్టిట్యూట్ ఎక్కడ కనిపించినా, అమీర్‌పేట అయినా ఇంకెక్కడైనా, ముందు బయటికి రండి. ఇల్లు ఎప్పుడూ కట్టనివాడు ప్లాన్ గీయలేడు. ముందు డేటాబేస్ చూసుకునే పనిలోనో, నెట్‌వర్క్ పనిలోనో, ప్రోగ్రామింగ్‌లోనో కొన్నేళ్లు గడపాలి. సర్వర్ అర్ధరాత్రి పడిపోతే ఏం జరుగుతుందో చూడాలి. ఆ తర్వాతే ఈ కుర్చీ.

మొదలుపెట్టేవాళ్లకు కావాల్సినవి పెద్ద రహస్యాలేం కాదు. లైనక్స్, నెట్‌వర్కింగ్ మూలాలు, ఎస్‌క్యూఎల్, కొంచెం పైథాన్. ఇవి గట్టిగా వచ్చాక ఏదో ఒక్క క్లౌడ్, మూడూ ఒకేసారి వద్దు. సర్టిఫికెట్ల విషయానికొస్తే, అమెజాన్‌లో సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్ష ఫీజు 150 డాలర్లు. దాని తర్వాత సెక్యూరిటీ స్పెషాలిటీ ఉంది. సీసీఎస్‌పీ అనే ఇంకో పెద్ద సర్టిఫికెట్‌కు ఐదేళ్ల అనుభవం అడుగుతారు. సర్టిఫికెట్ ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్తుంది, ఆ తర్వాత ప్రశ్నలకు జవాబు మనమే చెప్పాలి.

క్లౌడ్ కంపెనీలు నేర్చుకునేవాళ్లకు కొంతవరకు ఉచితంగా వాడుకోనిస్తాయి. కానీ జాగ్రత్త. ఖాతా తెరవగానే చేయాల్సిన మొదటి పని పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్ కోడ్ కూడా అడిగేలా పెట్టుకోవడం, రెండోది ఇంత డబ్బు దాటితే మెసేజ్ పంపమని బిల్లు హెచ్చరిక పెట్టుకోవడం. ఖాతా చాబీలను పొరపాటున గిట్‌హబ్‌లో పెడితే వాటికోసమే వెతుకుతూ తిరిగే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి, నిమిషాల్లో పట్టుకుంటాయి. వాళ్లు ఆ ఖాతాలో పెద్ద పెద్ద సర్వర్లు నడిపి వెళ్లిపోతారు, బిల్లు అబ్బాజాన్ కార్డుకు వస్తుంది. 2024లో స్నోఫ్లేక్ అనే డేటా కంపెనీ కస్టమర్లు, సుమారు 165 సంస్థలు, దెబ్బతినడానికి కారణం కూడా ఇంచుమించు ఇంత చిన్నదే. ఎప్పుడో దొంగిలించిన పాస్‌వర్డ్‌లు, రెండో కోడ్ అడగని ఖాతాలు.

ఉర్దూ మీడియంలో, తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు అసలు అడ్డంకి లెక్కలు కాదు, ఇంగ్లిష్. ఈ రంగంలో చదవాల్సినదంతా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, రాయాల్సింది కూడా. ఆర్కిటెక్ట్ రోజులో సగం మీటింగుల్లో, మిగిలినదాంట్లో సగం 'ఇలా ఎందుకు చేయాలి, అలా ఎందుకు చేయకూడదు' అని రాయడంలో పోతుంది. మాట్లాడటం తర్వాత సంగతి, ముందు రోజుకు రెండు పేజీల డాక్యుమెంటేషన్ అర్థం చేసుకుని చదవడం అలవాటు చేసుకుంటే ఆర్నెల్లలో తేడా తెలుస్తుంది. ఆడపిల్లలకు ఇంటినుంచే చేసే ఉద్యోగమేనా అని చాలా ఇళ్లలో అడుగుతారు. కొన్ని కంపెనీల్లో అవును, చాలా చోట్ల వారంలో రెండు మూడు రోజులు ఆఫీసుకు వెళ్లాలి, ఏదైనా జరిగితే అర్ధరాత్రి ఫోన్ కూడా వస్తుంది. సంబంధం మాట్లాడేటప్పుడే ఈ సంగతి కూడా మాట్లాడుకుంటే తర్వాత గొడవ ఉండదు.

ఇక దొంగ అనుభవం సర్టిఫికెట్ల మాట. లేని కంపెనీలో మూడేళ్లు చేసినట్టు కాగితం పుట్టించి ఇస్తామనేవాళ్లు ఉన్నారు, డబ్బు కట్టేవాళ్లూ ఉన్నారు. మామూలు ఉద్యోగాల్లోనే కంపెనీలు ఇప్పుడు పీఎఫ్ రికార్డులతో సరిచూస్తున్నాయి. భద్రత చూసే ఉద్యోగంలో ఇంకా లోతుగా చూస్తారు. అమానత్ అనే మాట మన ఇళ్లల్లో పిల్లలు కూడా వాడతారు. ఈ ఉద్యోగం మొత్తం ఆ ఒక్క మాట మీదే నిలబడింది. లక్షల మంది రికార్డులకు కాపలా పెట్టే మనిషి సొంత రికార్డే అబద్ధమని తేలితే ఆ కంపెనీ ఒక్కటే కాదు, తర్వాత తలుపు తట్టిన చోటల్లా ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

చిన్న దుకాణానికి కూడా

ఇవన్నీ పెద్ద కంపెనీల సంగతులు అనిపించొచ్చు. కానీ మన చుట్టూ ఉన్న ట్రావెల్ ఏజెంట్లను చూడండి. ఉమ్రాకు, గల్ఫ్ వీసాకు వెళ్లే ప్రతి కుటుంబం పాస్‌పోర్ట్ కాపీలు, ఫోటోలు, ఆధార్ వాట్సాప్‌లో పంపుతుంది. ఏజెంట్ వాటిని గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో వేస్తాడు, స్టాఫ్‌కు సులువుగా ఉంటుందని 'లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు' అని పెడతాడు. ఆ లింకు ఒక గ్రూపులోకి వెళ్తుంది, అక్కడినుంచి ఇంకో గ్రూపులోకి. ఇదీ క్లౌడే, క్యాపిటల్ వన్‌లో జరిగిన తప్పుకు ఇది చిన్న తమ్ముడే.

దీన్ని సరిచేయడానికి ఆర్కిటెక్ట్ అక్కర్లేదు. ఫోల్డర్ షేర్ సెట్టింగ్‌లోకి వెళ్లి, ఆ 'ఎవరైనా' అన్నదాన్ని తీసేసి, పనిచేసే ఇద్దరు ముగ్గురి ఈమెయిల్స్ మాత్రమే పెట్టాలి. పని మానేసిన కుర్రాడి పేరు అదే రోజు తీసేయాలి. ప్రయాణం ముగిసి, లెక్కలకు కావాల్సినవి పక్కన పెట్టుకున్నాక మిగతా కాపీలు చెరిపేయాలి. కుటుంబాలు కూడా కాగితాలు ఇచ్చేటప్పుడు ఇవి ఎక్కడ పెడతారు, ఎవరు చూస్తారు, పని అయ్యాక చెరిపేస్తారా అని అడగొచ్చు, ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. ఆధార్ అడిగిన చోట పూర్తి నంబరు తప్పనిసరి కాకపోతే, ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లోనే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుని అది ఇవ్వొచ్చు.